నిన్నటిని వదలని క్రియ

2022 సెప్టెంబరు 8 సాయంత్రం లండన్‌ నుంచి ఒకే మరణవార్త రెండు క్రియారూపాల్లో బయటికి వచ్చింది. రాణి ఎలిజబెత్ ఆ మధ్యాహ్నం బాల్మోరల్‌ కోటలో ప్రశాంతంగా కన్నుమూశారని చెప్పిన రాజప్రాసాద ప్రకటనలో క్రియ ‘డైడ్’. బీబీసీ శీర్షికలో ఉన్నది ‘హ్యాజ్ డైడ్’. తెలుగు డెస్కు మీద కూర్చున్నవాళ్ళకు ఈ తేడాతో పని లేదు. రెండింటికీ ‘కన్నుమూశారు’ అని రాసి కాపీ పంపేయవచ్చు. ఇంగ్లిషువాళ్ళు మాత్రం ఆ రెండింటినీ ఒకదాని చోట ఒకటి పెట్టరు. ప్రాసాద ప్రకటనలో ‘ఈ మధ్యాహ్నం’ అన్న మాట ఉంది. ప్రకటన వెలువడేసరికి సాయంత్రం ఆరున్నర, మధ్యాహ్నం గడిచిపోయింది. గడిచిపోయిన పూట పేరు ఎత్తాక ‘హ్యాజ్’కు చోటుండదు. శీర్షికలో పొద్దూ పూటా ఏదీ లేదు. ఎప్పుడు పోయారన్నది దానికి ముఖ్యం కాదు, ఇకమీదట ఆమె లేరన్నదే ముఖ్యం.

ఈ ‘హ్యావ్’, ‘హ్యాజ్’ల రూపాన్ని ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటారు. మన బళ్ళలో పిల్లలు దీనితో పడే తిప్పలు తక్కువేమీ కావు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అని రాసి ఎర్రసిరా గీత తినని తెలుగువాడు ఉంటే అతడు ఇంగ్లిషు పరీక్షే రాసి ఉండడు. గీత గీసే మాస్టారి బల్ల మీద తరతరాలుగా ఉన్నది రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. 1930ల మధ్యలో వచ్చిన ఆ పుస్తకకర్తల్లో ఒకరైన పి.సి.రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగి. ఫ్రెంచి విదేశీ దళం సైనికుల మీద 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి ఇంగ్లండులో పేరు సంపాదించాడు కూడా. ఆ నవలను ఇప్పుడు వెతుక్కుని చదివేవారు తక్కువ. వ్యాకరణానికి మాత్రం ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు. దాన్ని సవరించి ఇప్పటి రూపానికి తెచ్చిన ఎన్.డి.వి.ప్రసాదరావు పేరు అట్ట మీద చూసి, పేరును బట్టి మనవాడేనని మురిసిపోయిన విద్యార్థులూ లేకపోలేదు.

ఆ పుస్తకం ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు చెప్పే మొదటి వాడుక, కాసేపటి కిందట ముగిసిన పని. మన గైడ్లు దాన్ని ‘ఇప్పుడే పూర్తయిన పని’ అని తెలుగులో పెట్టి, అక్కడితో చేతులు దులుపుకొన్నాయి. దాంతో పిల్లల మనసులో ఇది గడియారానికి సంబంధించిన వ్యవహారంగా నాటుకుపోయింది. పని జరిగి ఎంతసేపయింది? పది నిమిషాలా, అయితే ‘హ్యావ్’. పదేళ్ళా, అయితే వద్దు. చక్కగా గుర్తుండే సూత్రమే, కానీ సగమే నిజం.

మనుషులు చంద్రుడి మీద నడిచారన్న వాక్యం తీసుకుందాం. 1969 జులై నుంచి 1972 డిసెంబరు దాకా పన్నెండు మంది అక్కడ నడిచారు. అర్ధశతాబ్దం దాటినా ఇంగ్లిషులో నేటికీ ‘హ్యూమన్స్ హ్యావ్ వాక్డ్ ఆన్ ద మూన్’ అనవచ్చు. మనుషులు ఇంకా ఉన్నారు, చంద్రుడూ ఉన్నాడు, మళ్ళీ వెళ్ళే అవకాశమూ ఉంది. అదే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి చెప్పాలంటే 2012 ఆగస్టు 25 దాకా ‘హ్యాజ్ వాక్డ్’ అన్నవాళ్ళు ఆ రోజు తర్వాత ‘వాక్డ్’ అనక తప్పలేదు. నడిచిన అడుగులు అవే, ధూళి మీద ముద్రలూ అవే. నడిచిన మనిషి పోయాడు గనుక క్రియ మారింది. ఎంత కాలం గడిచిందని ఈ క్రియ అడగదు. వ్యవహారం ఇంకా తెరిచి ఉందా, మూసేశారా అని మాత్రమే అడుగుతుంది.

హైదరాబాదు వాళ్ళకు ఇది నుమాయిష్‌తో చెబితే ఇట్టే తెలుస్తుంది. ఏటా జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే ఎగ్జిబిషన్ మామూలుగా ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. జనవరి చివర్లో స్నేహితుణ్ణి ‘హ్యావ్ యూ బీన్ టు నుమాయిష్ దిస్ ఇయర్?’ అని అడగవచ్చు. వెళ్ళకపోతే వెళ్ళడానికి ఇంకా రోజులున్నాయి, ఆ ప్రశ్నలోనే రమ్మని పిలుపు ఉంది. మార్చిలో అదే ప్రశ్నకు ‘డిడ్ యూ గో’ అనే రూపం కావాలి. సంవత్సరం ముగియకపోయినా దుకాణాలు ఎత్తేశారు, జెయింట్ వీల్ విప్పేశారు. మార్చిలో ‘హ్యావ్ యూ బీన్’ అని అడిగినవాడు ఎగ్జిబిషన్ ఇంకా నడుస్తోందనుకుంటున్నాడని వినేవాడు అనుమానిస్తాడు. క్యాలెండరులో ఏ తేదీ ఉందో చెప్పకుండానే క్రియ ఆ తేదీని బయటపెట్టేస్తుంది.

దీనికో లెక్క కట్టిన తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్. 1947లో వచ్చిన తర్కశాస్త్ర గ్రంథంలో ఆయన, ఏ క్రియకైనా రెండు కాలబిందువులు చాలవు, మూడు కావాలన్నాడు. పని జరిగిన క్షణం ఒకటి, మాట్లాడుతున్న క్షణం ఒకటి. మూడోది, ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నామో ఆ క్షణం. ‘ఐ ఏట్’ అన్నవాడు నిన్నటి వీధిలోకి దిగి నడుస్తూ చెబుతున్నాడు. ‘ఐ హ్యావ్ ఈటెన్’ అన్నవాడు ఇవాళ్టి అరుగు మీద కూర్చుని ఆ వీధి వైపు చూస్తూ చెబుతున్నాడు. జరిగింది ఒకటే, కూర్చున్న చోటు వేరు. అరుగు దిగకుండా ‘నిన్న’ అనే ఇంటి తలుపు తట్టడం కుదరదు గనుకే ‘యెస్టర్‌డే’ కింద మాస్టారు ఎర్రగీత గీశారు. ఆ సంగతి ఆయన చెప్పి ఉంటే దెబ్బలు కొన్ని తగ్గేవి.

అసలు ఇది కాలమేనా అన్న వివాదమూ ఉంది. పని ఎప్పుడు జరిగిందో చెప్పేది కాలం, ఎలా సాగిందో చెప్పేది వేరే సంగతి, ఇది ఆ రెంటిలోనూ సరిగా ఇమడదని బెర్నార్డ్ కామ్రీ వంటి భాషాశాస్త్రజ్ఞులు 1970ల నుంచి చెబుతూ వచ్చారు. ఆ తగవు వాళ్ళకు వదిలేద్దాం.

అదే శాస్త్రంలో నోమ్ చామ్‌స్కీ ఎత్తిచూపిన ఒక చిన్న వాక్యాల జత మాత్రం వదలబుద్ధి కాదు. ‘ఐన్‌స్టైన్ హ్యాజ్ విజిటెడ్ ప్రిన్‌స్టన్’ అంటే వినేవారికి ఏదో తేడా కొడుతుంది. ఐన్‌స్టైన్ 1955లోనే పోయాడు. పోయినవాడు ఇప్పుడు దేనికీ కర్త కాలేడు. అదే వాక్యాన్ని తిరగేసి, ప్రిన్‌స్టన్‌ను ముందుకు తెచ్చి, ఐన్‌స్టైన్ చేత దర్శించబడింది అని కర్మణిలో ‘హ్యాజ్ బీన్ విజిటెడ్’ అంటే ఏ ఇబ్బందీ లేదు. ఊరు ఇంకా ఉంది మరి. మనిషి పోయినా అతడు నడిచిన వీధులకు ఆ గతం అనుభవంగా మిగిలింది. ఇంగ్లిషు క్రియ ఎవరి తరఫున మాట్లాడుతున్నదో చూసి, వాళ్ళు బతికి ఉంటేనే ‘హ్యాజ్’ ఇస్తుంది.

గోదావరి జిల్లాలవాళ్ళు ఈ జతను తమ సంగతిగా చెప్పుకోవచ్చు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టించాడు, 1852కల్లా పూర్తయింది. 1899లో ఆయన పోయాడు. కనుక కాటన్ ‘బిల్ట్’. పాత ఆనకట్ట కూడా పోయి దాని చోట బ్యారేజీ వచ్చింది. కానీ అప్పటి నుంచి గోదావరి నీళ్ళు కాలువల్లో పారుతూనే ఉన్నాయి గనుక డెల్టా పొలాలకు ‘హ్యావ్’ దక్కుతుంది. కట్టిన మనిషికి మూసేసిన భూతకాలం, తడిసిన నేలకు ఇంకా మూయని భూతకాలం. కాటన్ విగ్రహానికి దండ వేసే రైతు ఈ వ్యాకరణం చదువుకోకపోవచ్చు. దండ వేస్తున్నది మాత్రం ఈ రెండో క్రియకే.

పత్రికా కార్యాలయాల్లో ఈ క్రియ బతుకూ చావూ రోజూ జరిగే వ్యవహారం. వయసు మళ్ళిన ప్రముఖుల జీవితవిశేషాలను ముందే రాసి భద్రపరిచే అలవాటు ప్రపంచమంతటా ఉంది. ఇంగ్లిషు పత్రికలో అలాంటి వ్యాసాన్ని బయటికి తీసినప్పుడు మొదట చేసే పని, వాక్యం వాక్యంలోనూ ‘హ్యాజ్’ తీసేయడం. ఆమె ఇరవై పుస్తకాలు రాశారు, మూడు సభలకు అధ్యక్షత వహించారు అన్న తెలుగు వాక్యాలను ముట్టుకోనక్కర్లేదు. వాటికి చావు సోకదు. ఇంగ్లిషులో అయితే ఆ పూట సబ్ఎడిటర్ చేతిలో పెన్సిలు ఒక్కో పేరాను మూసుకుంటూ పోతుంది. చిత్రమేమంటే, మిగతా వ్యాసమంతటా ‘హ్యాజ్’ను తుడిచేసి, ఇంట్రోలో మాత్రం ‘హ్యాజ్ డైడ్’ అని కొత్తగా రాస్తారు. పోయినవాళ్ళకు ఆ క్రియ చెల్లదన్నాం గదా అంటే, అక్కడ వాక్యం పోయిన మనిషి తరఫున మాట్లాడదు. వార్త విన్న మన తరఫున మాట్లాడుతుంది. మర్నాటి పత్రిక దాకా ఆ మాట నిలుస్తుంది. పెద్దకర్మ నాటికి ‘హ్యాజ్ డైడ్’ అన్నవాడికి కబురు ఆలస్యంగా అందిందని అర్థం.

బ్రిటిష్ వార్తారచనకు ఇదొక అలవాటైన నడక. ప్రధాని రాజీనామా చేశారన్న మొదటి వాక్యం ‘హ్యాజ్’తో వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్న రెండో వాక్యం నుంచి మామూలు భూతకాలం. తలుపు ‘హ్యాజ్’ తీస్తుంది, లోపల గదులన్నీ నిన్నటివే. ఏజెన్సీ కాపీ తెలుగు చేసేవాళ్ళకు ఈ నడక చెవికి పట్టి ఉంటే, ఏది ఇంట్రోకి ఎక్కాలో ఏది రెండో పేరాకు దిగాలో క్రియ చూసే పోల్చుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పుకున్నది చదువుకున్నవారి ముచ్చటలా అనిపించవచ్చు. కానీ ఈ రూపానికి బరువు ఎక్కడ తెలుస్తుందంటే, ప్రభుత్వాలు క్షమాపణ చెప్పేటప్పుడు.

2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా పార్లమెంటులో ప్రధాని కెవిన్ రడ్ ఒక తీర్మానం చదివారు. ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు ఆదివాసీ కుటుంబాల నుంచి పిల్లలను ప్రభుత్వమే లాక్కుపోయి సంస్థల్లోనూ తెల్లవారి ఇళ్ళలోనూ పెంచింది. అలా పెరిగినవారిని ‘అపహృత తరాలు’ అంటారు. 1997లో ఒక విచారణ నివేదిక ఆ సంగతులన్నీ బయటపెట్టినా, క్షమాపణ కోసం మరో పదకొండేళ్ళు ఆగాల్సి వచ్చింది. వరసగా వచ్చిన పార్లమెంట్లూ ప్రభుత్వాలూ చేసిన చట్టాలు, అనుసరించిన విధానాలు ఈ సాటి పౌరులకు తీరని దుఃఖం కలిగించాయని ఆ తీర్మానం ఒప్పుకుంది. కలిగించాయి అన్న చోట అందులో ఉన్నది ‘హ్యావ్ ఇన్‌ఫ్లిక్టెడ్’. చట్టాలు ఎప్పుడో రద్దయ్యాయి. ‘ఇన్‌ఫ్లిక్టెడ్’ అన్నా వ్యాకరణం ఒప్పుకునేది, వకీళ్ళు అదే మేలనేవారు. ‘హ్యావ్’ చేర్చడంతో, ఆ దుఃఖం ఇప్పటికీ ఉందనీ దాన్ని అనుభవిస్తున్నవారు మన ముందే ఉన్నారనీ తీర్మానం ఒప్పుకున్నట్టయింది. నిజంగానే ఉన్నారు, పైన సందర్శకుల గ్యాలరీలో.

మరో పార్లమెంటు, మరో తేదీ. 2019 ఏప్రిల్ 10. జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నూరేళ్ళు నిండడానికి మూడు రోజుల ముందు బ్రిటిష్ ప్రధాని థెరెసా మే హౌస్ ఆఫ్ కామన్స్‌లో మాట్లాడారు. జరిగినదానికీ, కలిగిన బాధకూ తీవ్రంగా విచారిస్తున్నామన్నారు. జరిగినదానికి అన్న చోట ఆమె క్రియ ‘హ్యాపెండ్’. పూర్తి క్షమాపణ కావాలని ప్రతిపక్ష నేత అడిగారు, అది రాలేదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ ‘హ్యాపెండ్’లో వ్యాకరణ దోషం లేదు. 1919 అని సంవత్సరం చెప్పాక ‘హ్యాజ్ హ్యాపెండ్’ అనడం కుదరదు. పైగా అదే ప్రసంగంలో ఆ ఘటన బ్రిటిష్ ఇండియా చరిత్ర మీద సిగ్గుపడాల్సిన మచ్చ అని కూడా ఆమె అన్నారు. ఆ ‘మచ్చ’కు క్రియ ‘ఈజ్’, అంటే ఇప్పటికీ ఉంది. అయితే ఆ మచ్చ ఉన్నది చరిత్ర మీద. అమృత్‌సర్‌లో గోడల మీద తూటాల గుర్తులు చూపించే కుటుంబాల మీద కాదు. ఎవరి ఒంటి మీద పడిన గాయమో చెప్పకుండా విచారం తెలపడానికి క్రియారూపాలు సాయం చేస్తాయి. ఇక్కడ చేశాయనే మా అభిప్రాయం. నూరేళ్ళనాటి సంగతికి బాధితులు ఎవరూ మిగల్లేదు కదా అని అడగవచ్చు. మిగలకపోవడానికి కారణం, విచారం తెలపడానికి నూరేళ్ళు తీసుకోవడమే. ఆగినకొద్దీ క్రియ తనంతట తాను మూసుకుంటుంది. ఆలస్యం చేసేవారికి వ్యాకరణం ఇచ్చే రాయితీ అది.

ఆఫీసుల్లో ఇదే రూపం ఇంకో వేషం వేస్తుంది. ‘ఇట్ హ్యాజ్ బీన్ డిసైడెడ్’ అని మొదలయ్యే ఉత్తర్వులో నిర్ణయం ఉంటుంది, నిర్ణయించినవారు ఉండరు. మన సర్కారీ తెలుగు దీనికి దీటైన రూపాన్ని ఎప్పుడో తయారుచేసుకుంది: నిర్ణయించడమైనది, ఉత్తర్వులు జారీ చేయడమైనది, ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఏళ్ళ తరబడి ఇంగ్లిషులో ఫైళ్ళు నడిపినవారికే ఇలాంటి తెలుగు పుడుతుంది. ఎవరి చేతి మీదుగా జరిగిందో తెలియకూడదు, జరిగిపోయిందన్నది మాత్రం స్థిరంగా ఉండాలి. ఆ ‘ఐనది’ ముందు నిలబడి వాదించగల పౌరుడు ఇంకా పుట్టలేదు.

ఈ ‘హ్యావ్’ ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే కథ. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిషులో అది నిజంగా కలిగి ఉండటమే. ఉత్తరం రాసిన స్థితిలో నా దగ్గర ఉంది అన్న అర్థం మెల్లగా అరిగి, నేను రాశాను, రాయడం అయింది అన్నదానిగా స్థిరపడింది. వస్తువు చేజారింది, పని చేతిలో మిగిలింది. వెళ్ళడం, రావడం, అవడం వంటి క్రియలకు అప్పట్లో ‘హ్యావ్’ బదులు ‘ఈజ్’, ‘యామ్’ వాడేవారు. ఈస్టరు నాడు చర్చిల్లో చెప్పుకునే ‘క్రైస్ట్ ఈజ్ రిజన్’ ఆ పాత రూపమే. అణుబాంబు తయారుచేయించిన ఓపెన్‌హైమర్ 1965లో టీవీ కెమెరా ముందు, తొలి పరీక్షనాడు భగవద్గీత పదకొండో అధ్యాయంలోని ఒక మాట తలపుకొచ్చిందంటూ చెప్పిన ఇంగ్లిషు వాక్యంలోనూ ఇదే. ఆ ‘యామ్ బికమ్’ విని తప్పు ఇంగ్లిషనుకున్నవారు చాలామంది. అది తప్పు కాదు, ముసలిది.

మన సంగతికి వస్తే, తెలుగులో ఈ పని చేసే ప్రత్యేక కాలం లేదు. లేకపోయినా ఇబ్బంది పడినట్టు కనిపించదు. వంట చేశాను అన్నదానికీ వండి ఉంచాను అన్నదానికీ తేడా ప్రతి ఇంట్లోనూ తెలుసు. రెండోదాంట్లో అన్నం ఇంకా గిన్నెలో ఉంది, వచ్చి తినమని అర్థం. ఢిల్లీ వెళ్ళాడు, ఢిల్లీ వెళ్ళొచ్చాడు అన్న రెంటిలో ఇంగ్లిషువాడు ‘గాన్’, ‘బీన్’ అని తంటాలుపడే భేదమంతా ఆ ‘వచ్చాడు’ మోస్తుంది. షెర్లాక్ హోమ్స్ మొట్టమొదటిసారి వాట్సన్‌ను చూడగానే, ఎండకు నల్లబడిన ముఖమూ బిగుసుకున్న చెయ్యీ గమనించి అఫ్ఘానిస్తాన్ వెళ్ళొచ్చాడని పసిగడతాడు. అక్కడ రచయిత డాయిల్ వాడింది ప్రెజెంట్ పర్ఫెక్టే. ముందున్న గుర్తుల నుంచి వెనక జరిగినదానికి పోయే ఆ ఊహకు అంతకంటే తగిన క్రియ లేదు. మన పల్లెల్లో కాళ్ళకున్న బురద చూసి ‘పొలం వెళ్ళొచ్చినట్టున్నావు’ అనే పెద్దవాళ్ళు హోమ్స్‌ను చదవలేదు.

అలాగే, ‘పదేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాను’ అన్న శుభ్రమైన తెలుగు మనసులో మెదులుతుండగా నోటి నుంచి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వస్తుంది. ఇంటర్వ్యూల్లో ఈ వాక్యానికి పెదవి విరిచే పెద్దమనుషులు తెలుసుకోవలసింది ఒకటుంది. ఫ్రెంచివారూ జర్మన్లూ కూడా తమ భాషల్లో దీన్ని వర్తమానంలోనే చెబుతారు, ఇంగ్లిషు నేర్చుకునేటప్పుడు వాళ్ళూ ఇక్కడే జారతారు. పదేళ్ళ కిందట మొదలై ఇవాళ్టికీ సాగుతున్న పనికి వర్తమానం చాలదని పట్టుబట్టింది ఇంగ్లిషే. లోకమంతా దానితో ఏకీభవించనక్కర్లేదు. ఇంగ్లిషు మాట్లాడేటప్పుడు దాని పట్టుదలను గౌరవించాలి, అంతే.

ఆ పట్టుదల కూడా దేశానికో తీరుగా ఉంది. లండన్లో ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్’ అనేచోట అమెరికాలో ‘డిడ్ యూ ఈట్ యెట్’ అంటే ఎవరూ తప్పుపట్టరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఈ రెండూ ఒకే భోజనాల బల్ల దగ్గర ఎదురుపడతాయి. రెన్ అండ్ మార్టిన్ చదివి విమానమెక్కిన నాన్న ‘ఆల్రెడీ’ దగ్గర ‘హ్యావ్’ ఏదని అడుగుతాడు. అక్కడే పుట్టిన కూతురికి అది పాత బ్రిటిష్ సినిమాలో మాటలా వినిపిస్తుంది. ఇద్దరిలో ఎవరిది తప్పంటే ఏం చెప్పగలం? నాన్నది బొంబాయి మీదుగా వచ్చిన లండన్ ఇంగ్లిషు, పాపది ఊరి ఇంగ్లిషు. అమ్మమ్మ ఫోన్లో ‘తిన్నావా?’ అని అడిగినప్పుడు ఇద్దరూ ఒకటే జవాబు చెబుతారు.

పుట్టుకతో ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళు నియమాన్ని అంత నిష్ఠగా పాటిస్తారా అంటే అదీ లేదు. బ్రిటన్లో ఫుట్‌బాల్ ఆటగాణ్ణి మ్యాచ్ అయ్యాక మైకు ముందు నిలబెడితే, వాడు బంతి అందించాడు, నేను కొట్టాను, గోల్ పడింది అన్న వరసంతా ‘హ్యాజ్’, ‘హ్యావ్’లతో చెప్పుకుపోతాడు. రెండు గంటల కిందట ముగిసిన ఆట ఇంకా తన కాళ్ళలోనే ఆడుతున్నట్టు. ఆస్ట్రేలియాలో పోలీసు అధికారులు విలేకరులకు నేరం జరిగిన తీరు చెప్పేటప్పుడూ ఇదే తంతు, కొన్నిసార్లు టైమూ తేదీతో సహా. భాషాశాస్త్రజ్ఞులు ఈ రెండింటి మీదా శ్రద్ధగా వ్యాసాలు రాశారు. మన అనకాపల్లి కుర్రాడు రాస్తే తప్పు, మెల్‌బోర్న్ ఇన్‌స్పెక్టరు చెబితే పరిశోధనాంశం!

అయినా నియమం నేర్పవద్దని మేం అనడం లేదు. నేర్పే తీరు గురించే మా గొడవ. ఖాళీలు పూరించండి అని వరసగా పది వాక్యాలిచ్చి, ‘జస్ట్’ కనబడితే ‘హ్యావ్’, ‘యెస్టర్‌డే’ కనబడితే ‘డిడ్’ అని పిల్లల చేత గుర్తులు పట్టించడం వల్ల మార్కులొస్తున్నాయి, అర్థం రావడం లేదు. గుర్తు మాట లేని వాక్యం ఎదురైతే పదో తరగతిలో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లవాడు కూడా బిక్కమొహం వేస్తాడు. క్రియను ఇచ్చేసి, అది ఏం చెబుతున్నదో అడగవచ్చు గదా. ‘మై గ్రాండ్‌ఫాదర్ రోట్ టెన్ బుక్స్’ అని ఒకటి, ‘మై గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ రిటెన్ టెన్ బుక్స్’ అని ఒకటి రాసి, వీరిద్దరిలో పదకొండో పుస్తకం రాయగల తాతగారు ఎవరు అని ప్రశ్న వేయాలి. కారణం రాసినవారికి రెండు మార్కులు, ‘ఇప్పుడే పూర్తయిన పని కాబట్టి’ అని గైడు మాట అప్పజెప్పినవారికి సున్నా.